పంచదార ముందే పడింది

నవ్‌తేజ్ మోటార్‌సైకిల్ దిగి విసురుగా హర్లీన్ వాళ్ళ వంటింట్లోకి వచ్చాడు. పంజాబ్‌లోని ఆ బటాలా ఊళ్ళో మంచు ఇంకా విడనేలేదు, అతని ముఖం మాత్రం కాలిపోతోంది. పొద్దున తను పోసిన పాలల్లో నీళ్ళున్నాయనీ, అందుకే గజరేలా, అదే క్యారెట్ హల్వా, దగ్గరపడటం లేదనీ హర్లీన్ ఫోన్ చేసి కడిగేసింది మరి. సొంతంగా నాలుగు గేదెల్ని మేపుతున్నవాడికి అంతకంటే అవమానం ఉంటుందా?

పొయ్యి మీద ఇత్తడి కడాయిలో మూడు కిలోల ఎర్ర క్యారెట్ తురుము పాలల్లో ఈదుతోంది. గుమ్మం పక్కన మంచం మీద హర్లీన్ నాయనమ్మ బీజీ బాదంపప్పు పొట్టు తీస్తోంది. సాయంత్రం జలంధర్ నుంచి పెళ్ళివారు వస్తున్నారనీ, పిల్ల చేతి గజరేలా తిని మాట ఖాయం చేసుకుంటారనీ ఆవిడే చెప్పింది. నవ్‌తేజ్ కోపం సగం అక్కడే చల్లారిపోయింది. మిగతా సగంతో ఏం చేయాలో అతనికి తెలియలేదు.

పొయ్యి దగ్గర నిలబడ్డ హర్లీన్ చేతిలోంచి గరిటె లాక్కుని కలిపాడు. తురుము బిరుసుగా ఉంది. కాస్త రుచి చూశాడు.

"పంచదార ముందే వేశావా?"

"వేశాను."

"పాలు ఇగిరాక కదా వేసేది. ముందే వేస్తే నీరొదులుతుంది, క్యారెట్ ఎంతకీ మెత్తబడదు. ఊరికే నా పాలని తిట్టావు."

పదో ఏట నుంచి ప్రతి చలికాలమూ గజరేలా చేస్తున్న పిల్ల. వీధిలో కొత్త కోడళ్ళకి నేర్పేదీ తనే. ఆ సంగతి గుర్తొచ్చి అతని చెయ్యి ఆగిపోయింది.

"తెలిసే వేశావు కదూ. ఎందుకు?"

హర్లీన్ చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "మూడేళ్ళుగా లీటరు పాలు పోయడానికి పావుగంట నిలబడతావు. ఏదో చెబుతావనుకుంటాను. గేదె ఈనిందని చెప్పి వెళ్ళిపోతావు. ఇది కుదిరితే నేను జలంధర్ వెళ్ళిపోతాను నవ్‌తేజ్. నిన్నెలా పిలవాలో తెలియక పంచదార ముందే వేసి, పాలని తిట్టాను."

ఆమె అంటే అతనికి ప్రాణం. నోరు విప్పితే ఈ ఇంటి గుమ్మం మూసుకుపోతుందేమోనని ఇన్నాళ్ళూ భయం. ఇప్పుడు విప్పకపోతే ఆమే ఉండదు.

"నన్ను చేసుకుంటావా?" అన్నాడు.

ఆమె ఏడుస్తూనే తలూపింది.

అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ, మంచం మీద మనిషి ఉందని. బీజీ ఫోన్ చెవిన పెట్టుకుని, తమ పిల్లకి వేరేచోట కుదిరిందని జలంధర్ వాళ్ళకి చెప్పి, మర్యాదగా మన్నించమంటోంది.

ఫోన్ పెట్టేసి, లేచి వచ్చి కడాయిలోంచి ఒక చెంచాడు తీసింది.

"ఇంకా ఉడకలేదు బీజీ," అంది హర్లీన్.

"ఉండనీ. ఇంటి పెద్దది నోరు తీపి చేస్తే మాట ఇచ్చినట్టే," అని ఆవిడ చెంచా నవ్‌తేజ్ నోట్లో పెట్టింది. "నమలరా నాయనా. పిల్లని నీకిచ్చాం."

నవ్‌తేజ్ ఆ బిరుసు తురుము నమలలేక, మింగలేక, కళ్ళ నీళ్ళతోనే వంగి ఆవిడ పాదాలు ముట్టుకున్నాడు.