తల ఊపకండి

"తల కదపకండి. నిద్రపోకండి. ఎదురుగా ఉన్న ప్లస్ గుర్తు చూస్తూ ఉండండి. ప్రత్యేకంగా ఏమీ ఆలోచించకండి," అంది ఆ పరిశోధకురాలు, హెడ్‌ఫోన్‌లోంచి.

రోజూ దేవుడి ముందు కూర్చుంటేనే నిలవని మనసు నాది. ఈ స్కానర్ గొట్టంలో నిలుస్తుందా?

అయినా బుద్ధిగా పడుకున్నాను. ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు డిప్రెషన్ ఉన్నవాళ్ళ మెదడు ఎలా పనిచేస్తుందో, మామూలువాళ్ళది ఎలా పనిచేస్తుందో పోల్చి చూస్తారట. మా అక్క చాలాకాలంగా ఆ జబ్బుతో బాధపడుతోంది. తనకోసం ఏం చెయ్యాలో తోచక, మామూలువాడిగా నేను ఈ స్టడీలో చేరాను.

హెడ్‌ఫోన్‌లో ఆ గొంతు విన్నాక మామూలుగా లేననుకోండి.

మెషిన్ దడదడమంది. ఏమీ ఆలోచించవద్దంది కదా, అందుకే ఆమెనే తలుచుకున్నాను. మనసులో పలకరించాను. ఆమె ఏదో అడిగింది. నేనేదో చెప్పాను. బాగా కుదిరింది.

బయటికి రాగానే ఆమె కంప్యూటర్ తెర మీద ఎగుడుదిగుడు గీత ఒకటి చూపించింది.

"ఇదేంటండీ? దేవుడు మనసులోనే ఉంటాడంటారు. కనిపించాడా?"

"కనిపించింది మీ తల కదలికే. అంతసేపూ ఎవరికి ఊ కొడుతున్నారు?"

"మీకేనండి."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఈ స్కాన్ పనికిరాదు. మిమ్మల్ని స్టడీలోంచి తీసేయాల్సిందే."

ఆమె సంగతి అలా ఉంచండి, అక్కకోసం చేద్దామనుకున్న ఒక్క పనీ చెడగొట్టాను. నాతో వచ్చి వరండాలో కూర్చున్న అక్క దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను.

అక్క నా మొహంలోకి చూసింది. "ఊరికే పడుకోవడం కూడా చేతకాలేదురా నీకు?" అని నవ్వేసింది.

ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! నా కళ్ళు చెమర్చాయి. వెనకే వచ్చిన ఆమె కూడా అది చూసి ఆగిపోయింది.

"మీరిక మా స్టడీలో లేరు," అంది మెల్లగా.

"తెలుసండి. మళ్ళీ చెప్పాలా?"

"చెప్పాలి. స్టడీలో ఉన్నవాళ్ళతో మేం బయట టీ తాగకూడదు."

అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నా మెదడు ఊరికే ఉన్నది బహుశా అప్పుడే. తర్వాత గట్టిగా తల ఊపాను.

"నోటితో చెప్పరా!" అంది అక్క.