కథారోగి వేసిన మార్కులు

2091 నాటికి రోగమేదో కనిపెట్టడం, మందు రాయడం స్కానర్ల పనైపోయింది. డాక్టర్లకు మిగిలింది రోగితో మాట్లాడడమే. అన్నిటికన్నా కష్టమైన పని అదేనని అప్పుడుగానీ తెలిసిరాలేదు. అందుకే సముద్రపొడ్డున ఉన్న ఆ వైద్య కళాశాలలో సాహిత్యం పాఠ్యాంశమైంది, అనాటమీ హాల్లోకి 'కథారోగి' వచ్చింది.

వేల కథలూ, నవలలూ, జానపద గేయాలూ మింగిన సిమ్యులేటర్ అది. ఒకరోజు బాలింతగా, మరోరోజు ముసలి తాతగా హోలోగ్రామ్ రూపంలో మంచం మీద కూర్చుంటుంది. విద్యార్థి మాట్లాడాక, తన మనసుకెంత ఊరట కలిగిందో నూటికి ఇన్నని మార్కులు వేస్తుంది.

వకుళకు ఎప్పుడూ నూటికి నూరే. క్లాసులో మిగతావాళ్లకీ అంతే. మార్కులు బాగా వస్తుంటే ఎందుకొస్తున్నాయని ఎవరడుగుతారు?

అలాంటి వకుళకు అప్పగించిన మొదటి అసలు రోగి, చేపలమ్మే సన్యాసమ్మ, గుండె మందు మింగడం లేదు. అడిగితే "ఏసుకుంతన్నానమ్మా" అంటుంది. రక్తపరీక్ష కాదంటోంది. ఇలాగే సాగితే ఆ గుండె ఎంతోకాలం కొట్టుకోదు. వకుళకు బెంగతో అన్నం సయించడం లేదు.

సాహిత్యం చెప్పే ఇస్మాయిల్ సార్ అంతా విని, "నన్నెందుకు? కథారోగినే అడుగు" అన్నారు.

ఆ రోజు మంచం మీద ఒక నేతపని పెద్దాయన ఉన్నాడు.

"నాకు నూరెందుకు వేస్తున్నావు?" అంది వకుళ.

"అందరికీ అంతే వేస్తాను కదమ్మా. నేను చదివిన కథల్లో రోగులెవరూ డాక్టరు మొహాన నిజం చెప్పలేదు. బయటికొచ్చి అరుగు మీద చెప్పుకున్నారు. మీకు కోపమొస్తే మాకు దిక్కెవరు?"

డాక్టర్లకు నేర్పమని చేసిన యంత్రం, రోగిగా ఉండడం నేర్చేసుకుంది. వకుళ నేరుగా వార్డుకు వెళ్లింది.

"పెద్దమ్మా, మందు వేసుకోవట్లేదని తెలుసు. తప్పుపట్టడానికి రాలేదు. నీకేం ఇబ్బందో నువ్వు చెబితే తప్ప నాకు తెలిసే దారి లేదు."

సన్యాసమ్మ తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "అదేసుకుంటే నాలిక సచ్చిపోతందమ్మా. సేపల పులుసు మట్టిలాగుంటంది. తిండికి రుసి లేకపోతే ఎందుకొచ్చిన బతుకు?"

దానికి బదులు వేరే మందుంది. ఈ సంగతి స్కానరుకు ఎవరూ చెప్పలేదు, అంతే. వకుళకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

"ఇంకేమైనా ఉందా?"

"కోప్పడవు గదా?"

"కోప్పడను."

"నువ్వు బేగి బేగి సెప్పేస్తావు. సగం నాకు బోదపడదు."

వకుళ ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్ల చదువులో ఆమెకు మార్కులు తగ్గడం ఇదే మొదలు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. "మొదట్నుంచీ చెప్తాను. అర్థంకాని చోట ఆపు."

సన్యాసమ్మ మూడో మాటకే ఆపింది.