సీగల్‌కు బతికున్న చేపలు

"డాక్టరమ్మా! తొందరగా రండి!"

అమ్ము కేకకు పశువుల ఆసుపత్రి వరండాలో కట్టేసిన మేకలు కూడా బెదిరిపోయాయి. డాక్టర్ బిందు పరుగున వచ్చింది.

బోనులో సీగల్ కక్కుకుంది. కక్కిన దాంట్లో సేమ్యా ముక్కల్లా సన్నటి తెల్ల పురుగులు. పైగా కదులుతున్నాయి! అమ్ముకు ఒళ్లు జలదరించింది. 

పాపం, ఆ సముద్రపు పక్షి తుపాను గాలికి కొట్టుకొచ్చి, సముద్రానికి ఎంతో దూరంగా కొండల్లో ఉన్న గనుల ఊరు కిరండూల్‌లో అమ్మువాళ్ల క్వార్టర్ వెనక పడింది. అమ్మూనే దాన్ని తువ్వాల్లో చుట్టి ఇక్కడికి తెచ్చింది. బలం పుంజుకుంటే ఫారెస్టువాళ్లు విశాఖ తీసుకెళ్లి సముద్రం దగ్గర వదులుతారు. అందాకా బడి అయ్యాక మేత పెట్టే పని అమ్ముది.

"ఏం తింది ఇది? ఫ్రీజర్‌లో చేపలే కదా?" అంది డాక్టర్.

అమ్ము తల దించుకుంది. "కాదండి. సంతలో బతికున్న వాగు చేపలు కొని పెట్టాను. మా అమ్మది భీమిలండి. 'ఐసు సేప కూడా ఓ సేపేటి?' అంటాది. మరి చుట్టం ఇంటికొస్తే పాచిది పెడతామా?"

డాక్టర్ నుదురు కొట్టుకుంది. "అయ్యో పిచ్చితల్లీ! ఆ చేపల కడుపులో పురుగు పిల్లలుంటాయి. మనం ఉడికించుకుంటాం కాబట్టి చస్తాయి. ఇది పచ్చిగా మింగుతుంది. అందుకే గడ్డకట్టించినవే పెట్టమన్నాను. ఆ చలికి పురుగులు బతకవు. అసలే నీరసంగా ఉన్న పక్షి, ఎలా తట్టుకుంటుంది?"

"చచ్చిపోద్దా?" అంది అమ్ము.

"మందు వేస్తాను. చూద్దాం."

ప్రేమగా పెట్టిందే ప్రాణం మీదికి తెచ్చింది! ఆ పూట అమ్ముకు అన్నం సయించలేదు.

మందు పనిచేసింది. పక్షి మెల్లగా లేచి నిలబడింది.

సంత రోజున పక్కింటి గిరీష్ ప్లాస్టిక్ కవర్లో నీళ్లు పోసి బతికున్న చేపలు ఆసుపత్రికి తెచ్చాడు. "సూడవే అమ్మూ, ఎలా గెంతుతున్నాయో! ఏసీమంటావా?"

వాటిని చూడగానే సీగల్ నోరు తెరిచి ఒకటే గోల. మంచి ఆకలి మీద ఉంది. అమ్ము ప్రాణం ఉసూరుమంది. చెయ్యి కవరు దాకా వెళ్లింది కూడా.

చటుక్కున వెనక్కి తీసుకుంది. "వద్దురా! అవి కనబడితే ఇది ఊరుకోదు. బయటికి పట్టుకుపో."

ఫ్రీజర్లోంచి ఐసు చేప తీసి నీళ్లలో వేసింది. అది ఎంతకీ కరగదే! పక్షి అరుస్తూనే ఉంది. కోపంతో బోను ఊచల్ని పొడిచింది.

"తిట్టుకో తల్లీ, తిట్టుకో" అంటూ అమ్ము అక్కడే కూర్చుంది, చేప మెత్తబడిందో లేదో వేలితో నొక్కి చూస్తూ.