వెనక్కి తిరిగిన ఫ్రేములు

"ఆ స్టూడియోలో చేరు. వాళ్ళు ఏ పని చెప్తే ఆ పని చెయ్యి. ఎవరి కోసం వెతుకుతున్నారో కనుక్కుని నాకు చెప్పు," అన్నాడు చీఫ్.

"దొరికిపోతే?"

"దొరక్కు."

డిపార్ట్‌మెంట్‌లో బ్రీఫింగ్ అంటే అంతే. ఏజెంట్ తూనీగకి ఒక దొంగ రెజ్యూమే, పవర్ లేని కళ్ళజోడు, పానిక్ బటన్ ఉన్న వాచీ ఇచ్చి పంపేశారు. బటన్ నొక్కితే మనవాళ్ళు వస్తారు. ట్రాఫిక్ లేకపోతే త్వరగానే వస్తారు.

పైకి అది యాడ్ ఫిల్ములకి విజువల్ ఎఫెక్ట్స్ చేసే స్టూడియో. లోపల ఉన్నది ఒక విదేశీ ముఠా. వాళ్ళ ఆయుధాల రహస్యాలు ఎవరో బయటికి చేరవేస్తున్నారు. ఆ మనిషిని వాళ్ళ కెమెరా పట్టుకుంది గానీ, ఫుటేజ్ నిండా జోరువాన, మసక. కదిలే నీడ తప్ప ఏమీ కనబడదు. దాన్ని శుభ్రం చేసి మొహం తేల్చడానికి వాళ్ళకొక కంపోజిటర్, అంటే వీడియో బొమ్మల్ని ఫ్రేము ఫ్రేముగా సరిదిద్దేవాడు, కావాలి. తూనీగ ఈ వృత్తిలోకి రాకముందు చేసిన పని అదే.

మధ్యాహ్నం మేడమ్ వచ్చింది. ఆమె సెంటు వాసనకి స్టూడియో అంతా తలెత్తుతుంది, చూపు తగిలితే తల దించుకుంటుంది. చేతిలో చిన్న డ్రైవ్.

"కాపీ ఇదొక్కటే. ఇంకో చోటికి కాపీ చేశావో, వేళ్ళుండవు. డ్రైవ్‌లోంచే ఇంపోర్ట్ చెయ్యి. బాస్ దారిలో ఉన్నారు," అని, అద్దం తలుపు అవతల నిలబడి ఫోన్ మాట్లాడసాగింది.

తూనీగ క్లిప్ ఇంపోర్ట్ చేశాడు. అది ఒక్క వీడియో ఫైల్ కాదు, ఇమేజ్ సీక్వెన్స్. ఒక్కో ఫ్రేమూ ఒక్కో బొమ్మగా, వరస నంబర్లతో ఫోల్డర్ నిండా ఉంది. మసక తీసే డీనాయిజ్ వేసి ప్లే చేశాడు. వాన పలచబడింది. గొడుగు కింద ఒక ఆడమనిషి వీపు. బెంచీ మీద కవరు పెట్టి నాలుగడుగులు వేసి, ఎందుకో వెనక్కి తిరిగింది.

అక్క.

విదేశీ కంపెనీలో రిసెప్షనిస్టుని అని ఇంట్లో చెప్పే అక్క, మన డిపార్ట్‌మెంట్‌కే పని చేస్తోందన్న మాట. చీఫ్ చెప్పలేదు. అక్కా చెప్పలేదు. తనూ అక్కకి బ్యాంకు ఉద్యోగమని చెప్పాడు, అది వేరే సంగతి.

ఈ మొహం బాస్ చూస్తే అక్క ఇవాళ ఇంటికి రాదు.

వాచీ బటన్ నొక్కితే? మనవాళ్ళు వచ్చేలోపు అంతా అయిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పుల జాబితా ఉండే బిన్‌లోంచి క్లిప్ తీసేస్తే? అది కొత్తగా చేరినవాళ్ళు చేసే పని. బిన్‌లో ఉండేది ఫైలుకి దారి మాత్రమే, అసలు బొమ్మలు డ్రైవ్‌లో భద్రంగా ఉంటాయి. అతను డ్రైవ్ ఫోల్డరే తెరిచి, అక్క తిరిగిన ఫ్రేముల్ని ఏరి శాశ్వతంగా తుడిచేశాడు. సీక్వెన్స్‌లో ఒక ఫ్రేము దొరక్కపోతే ఈ సాఫ్ట్‌వేర్ దాని ముందున్న ఫ్రేమునే పట్టుకుని నిలబెడుతుంది. ఇక అక్కడ కనబడేది వీపే.

హమ్మయ్య అనుకునేలోపు తలుపు తెరుచుకుంది. బాస్, వెనకే మేడమ్.

"లే," అన్నాడు బాస్. తనే కుర్చీలో కూర్చున్నాడు.

అప్పుడు చూశాడు తూనీగ, టైమ్‌లైన్ కింద ఆకుపచ్చ గీత. క్యాష్. ఒకసారి ప్లే చేసిన బొమ్మల్ని సాఫ్ట్‌వేర్ మెమరీలో దాచుకుంటుంది. డ్రైవ్‌లో అక్క లేదు, మెమరీలో ఇంకా ఉంది. మెమరీ తుడిచి డ్రైవ్‌లోంచి మళ్ళీ తెచ్చే రీలోడ్ కొట్టడం మరిచిపోయాడు, ఇన్నేళ్ళ అనుభవం ఏ గంగలో కలిసిందో.

మౌస్ కోసం చెయ్యి చాపాడు. "సార్, ఒక్క నిమిషం..."

"నోర్ముయ్."

బాస్ వేలు స్పేస్‌బార్ మీదికి వెళ్ళింది.

"ఆగండి," అంది మేడమ్. ఆకుపచ్చ గీత వంక చూసింది. తర్వాత తూనీగ మొహం వంక చూసింది. ఈవిడకి పని తెలుసు. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

"పాత క్యాష్ పెట్టుకుని బాస్‌కి చూపిస్తావా? ఎవరిచ్చారయ్యా నీకు ఉద్యోగం?" అంటూ వంగి, రీలోడ్ నొక్కింది.

గీత మాయమైంది. స్క్రీన్ మూల చిన్న పసుపు హెచ్చరిక వచ్చింది, కొన్ని ఫ్రేములు దొరకలేదని. మేడమ్ ఆ మూల మీదే చెయ్యి ఆనించి నిలబడింది. హెచ్చరిక ఆమె అరచేతి కింద దాగిపోయింది.

గొడుగు. బెంచీ. కవరు. వీపు క్షణంసేపు నిలబడి, మళ్ళీ నడిచి వెళ్ళిపోయింది.

"మొహం తిప్పలేదేం?" అన్నాడు బాస్.

"తిప్పితే మనకీ ఖర్మెందుకు?" అంది మేడమ్.

బాస్ డ్రైవ్ పీకి గోడకేసి కొట్టి, తలుపు విసురుగా వేసుకుని వెళ్ళిపోయాడు. డ్రైవ్ ముక్కల్ని మేడమ్ చెప్పు మడమతో ఇంకాస్త నలిపింది.

"చీఫ్‌కి చెప్పు," అంది నెమ్మదిగా, "ఈసారైనా పనొచ్చినవాణ్ణి పంపమని."

తూనీగ రోడ్డు మీదికి వచ్చాడు. వెంటనే అక్కకి ఫోన్ చేశాడు.

"ఏరా, ఈ టైములో ఫోనేంటి?"

"ఊరికే అక్కా. ఇంటికొస్తున్నావుగా?"

"రాక ఎక్కడికి పోతాను? ఏడుస్తున్నావా?"

"జలుబు చేసింది. అక్కా, రోడ్డు మీద నడిచేటప్పుడు వెనక్కి తిరిగి చూడకు."

"ఏం?"

"నీ మొహం కెమెరాలో అస్సలు బాగుండదు."