తీజ్ రాజ్యంలో జెండా పండుగ

"ఎవడ్రా నా నీళ్ళు పారబోసింది?"

జెండా గొట్టాన్ని భుజానికి ఆనించుకుని, కాలితో గుంతలో మట్టి తొక్కుతున్న చందు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. ఎదురుగా దీప. నడుము మీద చేతులు, ముక్కు మీద కోపం. ఆమె వెనక తండాలోని ఆడపిల్లలంతా. పక్కన బోర్లా పడి ఉన్న ఇత్తడి బిందె.

"నేనే. మట్టి గట్టిపడాలంటే నీళ్ళు పొయ్యాలె గద? బిందె గిక్కడ్నే కనబడ్డది, పోసిన," అన్నాడు చందు అమాయకంగా.

పిల్లలు బుగ్గలు నొక్కుకున్నారు.

"అవి తీజ్ నీళ్ళు! పెండ్లిగాని పిల్లలం బాయికి పోయి, పాటలు పాడుకుంట తెచ్చినం. మొలకలకు పొయ్యాల్సినయ్ తీస్కపోయి గుంతకు తాపినవా?"

అప్పుడు చూశాడు చందు. తండా పెద్ద నాయక్ ఇంటి ముందు నాలుగు గుంజల మంచె, దాని మీద వరసగా వెదురు బుట్టలు. శ్రావణంలో తండా ఆడపిల్లలు ఆ బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి పెంచుతారు. ఉప్పూ కారం ముట్టరు. మంచి మొగుడు రావాలని మొక్కుకుంటారు. లంబాడీ బిడ్డయి ఉండి చందుకు ఇది తెలియకపోవడం విడ్డూరమే. కానీ పాపం, అతను పెరిగింది భూపాలపల్లి బొగ్గు గని క్వార్టర్లలో. ఇంటి భాష కూడా అంతంత మాత్రమే. అందుకే దీప అతన్ని తెలుగులోనే దులుపుతోంది.

ఇంతకీ చందు డోర్నకల్ పక్కనున్న ఈ తండాకు వచ్చింది రెండు పనుల మీద. ఒకటి జెండా. ఏటా పంద్రాగస్టుకు తండావాళ్ళు పక్క ఊరి పంచాయతీ ఆఫీసు దాకా నడిచి వెళ్ళి, వెనక వరసలో నిలబడేవారు. బూందీ వాళ్ళ దాకా వచ్చేసరికి తట్ట ఖాళీ. ఊరూరా జై తెలంగాణ అని మారుమోగుతున్న ఆ ఏడు మాత్రం నాయక్ మాన్‌సింగ్ తేల్చి చెప్పేశాడు. "మన తండాల మన రాజ్యం. మన జెండా మనమే ఎగరేసుకుందాం." గొట్టం, జెండా తెచ్చే భారం చందు మీద పడింది.

రెండో పని అతని అమ్మమ్మ తుల్సీబాయి పెట్టింది. మాన్‌సింగ్ కూతురు దీపను మనవడికి చేసుకోవాలని ఆమె ఆశ. "పిల్ల ఊ అంటెనే," అన్నాడు మాన్‌సింగ్. పిల్ల వాలకం చూస్తే ఊ అనేలా లేదు.

చందు మాత్రం ఆ కోపాన్ని చూస్తూనే మనసు పారేసుకున్నాడు. కొందరికి కొందరి తిట్లు కూడా ముద్దుగానే ఉంటాయి మరి.

"తప్పయింది. ఏం జుర్మానా వేస్తవో వెయ్యి," అన్నాడు.

"ఈ తొమ్మిది దినాలు తండాల మా రాజ్యం. రేపు పొద్దుగూకే దాక నువ్వు గూడ మా లెక్కనే ఉప్పుకారం ముట్టొద్దు. ఇగ ఆ గొట్టం పీకు."

"పీకుడా? తెల్లారితే జెండా ఎక్కాలె!"

"మంచె సుట్టు మేం ఆడుతం. సక్కగ తెచ్చి నడుమల పాతినవు. మీ మొగోళ్ళకు రాజ్యమొస్తే మమ్ముల ఒక్క మాట అడుగుడు లేదా?"

చందు గడ్డపార అందుకున్నాడు. గొట్టం పీకి, కాస్త అవతల రాతి నేలలో మళ్ళీ గుంత తవ్వాడు. అన్నం వేళకు అమ్మమ్మ పెట్టిన చప్పిడి రొట్టెను కళ్ళు మూసుకుని మింగాడు. ఎదురుగా చిన్నమ్మ కొడుకు వెంకట్ కోడికూర లాగిస్తూ, "అన్నా, వాసనన్న సూడరాదు," అని ఊరించాడు.

తెల్లారింది. సన్నటి తుంపర. తండా అంతా మంచె ముందు చేరింది. తండావాళ్ళు జెండా ఎగరేస్తారట, చూద్దాం పదండంటూ ఊళ్ళో వాళ్ళు కూడా కొందరు వచ్చి నిలబడ్డారు. మాన్‌సింగ్ తాడును చందు చేతికి ఇవ్వబోయాడు. చందు బస్సులో వస్తూ వస్తూ ఉపన్యాసం కూడా బట్టీ పట్టాడు. అయినా వెనక్కి తగ్గాడు.

"మామా, ఇప్పుడు తండాల రాజ్యం ఆడపిల్లలదట. నిన్న నాకు శిక్ష గూడ పడ్డది. వాళ్ళే ఎగరెయ్యాలె."

జనం గొల్లుమన్నారు. దీప నవ్వలేదు. వెక్కిరిస్తున్నాడేమోనని అతని కళ్ళలోకి చూసింది. వెక్కిరింపు లేదు. తాడు అందుకుంది.

ముడి వీడింది. బంతిపూలు జలజలా రాలాయి. మూడు రంగులు వానలో విచ్చుకున్నాయి. ముందు వరసలో నిలబడ్డ తుల్సీబాయి కళ్ళు తుడుచుకుంది. బూందీ అందరికీ రెండోసారి కూడా అందింది. చందు పొట్లం మాత్రం దీపే స్వయంగా తెచ్చి ఇచ్చింది.

"తీపికి మాఫీ ఉన్నదిలే, తిను," అంది. చందుకు ఆ పూట స్వాతంత్ర్యం, ఆ నవ్వు ఒకేసారి వచ్చినట్టనిపించింది.

సాయంత్రం శనగల ఆట. ఆడపిల్లలు నానబెట్టిన శనగల్ని రేగుకొమ్మ ముళ్ళకు గుచ్చాలి. బావ వరసవాళ్ళు కొమ్మ పట్టుకుని ఊపాలి. ముళ్ళు దిగినా కిక్కురుమనకుండా గుచ్చిన పిల్లే సంసారం నెగ్గుకొస్తుందని పెద్దల మాట. చందు సంచి సర్దే ఉంది. ఆట అవగానే డోర్నకల్‌లో బండెక్కాలి. దీప ఊ అనలేదు, ఊహూ అనలేదు.

దీప వంతు రాగానే కొమ్మను చందు చేతిలో పెట్టారు. అతను కదలకుండా గుంజలా నిలబడ్డాడు.

"ఊపు," అంది దీప.

"గుచ్చుకుంటది."

"గుచ్చుకోవాలెనే! ఊపకుంటే నా తీజ్ చెడిపోతది."

"నాతోని కాదు దీపా. బొగ్గుబాయి పనిల నాకు మస్తు దెబ్బలు తాకినయ్, ఏనాడు పరేషాన్ కాలే. నీ చేతికి నెత్తురొస్తే నేను సూడలేను."

అనేశాక గానీ తెలియలేదు, మనసులో మాట తండా అందరి ముందూ బయటపడిందని. ముసలమ్మలు బోసినోళ్ళతో పకపకా నవ్వారు. చందు చెవులు ఎర్రబడ్డాయి.

"ఈయనతోని కాదు గని, జర జరుగు అన్నా," అంటూ వెంకట్ కొమ్మ అందుకోబోయాడు.

దీప చటుక్కున కొమ్మను గట్టిగా పట్టుకుంది. అరచేతిలో ముళ్ళు దిగినా వదల్లేదు.

"ముట్టొద్దు! ఊపితే చందే ఊపాలె. ఇంకెవ్వలు నాకొద్దు."



"బిడ్డా, గిది ఊ అన్నట్టేనా?" అన్నాడు మాన్‌సింగ్ మెల్లగా.

"ఇంత మందిల అన్నంక గూడ ఇనబడలేదా బాపూ?"

ఇక డప్పు మోగింది. తుల్సీబాయి మనవడి సంచిని ఎత్తుకుని ఇంట్లోకి నడిచింది. "బండి రేపు గూడ ఉంటది తియ్యి," అంది.

చందు కొమ్మను మెల్లగా కదిపాడు. దీప శనగ గుచ్చింది. వేలి కొస మీద ఎర్రటి చుక్క తేలింది.

"నొస్తున్నదా?" అన్నాడు కొమ్మ ఊపడం ఆపి.

"నొస్తున్నది," అంది దీప, కళ్ళనిండా నవ్వుతూ. "ఇంక జోరుగ ఊపు!"