ఇంకొక్క పసుపు కారు

"తెల్లది తీసుకోండి మేడమ్, త్వరగా వచ్చేస్తుంది," అన్నాడతను.

"నేను తెల్లది అడిగానా?" అంది ఆమె.

గొడవ అక్కడే మొదలైంది.

అతను ఆ కార్ల షోరూములో ఆర్డర్లు తీసుకునే కుర్రాడు. ఎదురుగా కూర్చున్నది డ్రైవింగ్ స్కూలు టీచరమ్మాయి. ఎండకి కమిలిన చేతులు, బిగించి అల్లిన జడ, మెడలో ఒక ఈల. కారు వెనక్కి తీయడం నేర్పేటప్పుడు ఆ ఈల ఊదుతుందట. అతనితో మాట్లాడుతున్నంతసేపూ దాన్ని వేళ్ళతో తిప్పుతూనే ఉంది. ఎప్పుడు ఊదేస్తుందోనని అతనికి భయంగా ఉంది.

"పసుపు మంచి రంగేనండీ. కానీ ఫ్యాక్టరీ వాళ్ళు..."

"ఫ్యాక్టరీలో పసుపు రంగు అయిపోయిందా?"

"అయిపోలేదు. మీరు ఈ రోజు ఆర్డరిచ్చారని ఈ రోజే మొదలుపెట్టరు. ముందు అడిగినవాళ్ళకి ముందు చేస్తారనీ లేదు. రంగు మార్చిన ప్రతిసారీ రంగు చిమ్మే గొట్టాలన్నీ కడుక్కోవాలి కదా. అందుకని ఒక రంగు కార్లన్నీ ఒకేసారి వేసేస్తారు. తెలుపు రోజూ ఉంటుంది. పసుపు అడిగేవాళ్ళు తక్కువ. పదిమంది పోగవ్వాలి."

"అంటే నిండితేగానీ కదలని వ్యానన్నమాట."

"అచ్చం అంతే!" అన్నాడు, బాగా చెప్పినందుకు సంబరపడి.

"సరే, నేను ఎక్కి కూర్చుంటాను. మిగతావాళ్ళని పిలవండి," అని ఆమె లేచింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఊరికే మొండితనం కాదండీ. నేర్చుకునేవాళ్ళు నడిరోడ్డు మీద ఆపేస్తారు. పసుపు కారైతే లారీ డ్రైవరు కూడా 'పాపం, కొత్తవాళ్ళు' అని పక్కనుంచి పోతాడు. తెల్లకారైతే వాళ్ళ అమ్మానాన్నల్ని కూడా కలిపి తిట్టిపోతాడు. తిట్లు తిన్నవాళ్ళు మళ్ళీ స్టీరింగ్ పట్టుకోరు. మా నాన్న స్కూలు పెట్టిన మొదటి రోజునుంచీ మా కారు పసుపే."

ఆ పాత పసుపు కారుకి ఇప్పుడు ఆయువు తీరింది. ఇంకో రెండు నెలలు దాటితే దాన్ని రోడ్డెక్కనివ్వబోమని తనిఖీ వాళ్ళు తేల్చి చెప్పేశారు. ఈలోగా కొత్తది రాకపోతే స్కూలు మూసుకోవాల్సిందే.

వారం తిరిగేసరికి ఆమె వచ్చింది. "నా కారేది?"

"వచ్చే వారం తెలుస్తుందండీ."

మళ్ళీ వారం వచ్చింది. మళ్ళీ అదే జవాబు. మూడోసారి తలుపు తోసుకుని వస్తూనే, "వచ్చేవారం గారున్నారా?" అని అడిగింది. షోరూమంతా గొల్లున నవ్వింది. అప్పట్నించీ అందరికీ అతను 'వచ్చేవారం గారే'. క్యాషియరు కూడా జీతం రోజున, "మీది వచ్చే వారం ఇవ్వనా?" అని ఏడిపించాడు.

ఆమె వచ్చే రోజున మాత్రం అతను ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. ఉదయం నుంచీ తలుపు చప్పుడైతే చాలు, తల ఎత్తేవాడు.

ఇంటికి వెళ్ళాక అమ్మ దగ్గర కూర్చుని ఏకరువు పెట్టేవాడు. అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, మిషను తొక్కుతూ, "ఊఁ... ఊఁ..." అంటూ వినేది.

"ఎంత పొగరనుకున్నావమ్మా! ఈ రోజు నా కుర్చీలో తను కూర్చుని, నన్ను కస్టమరు కుర్చీలో కూర్చోబెట్టింది."

"కూర్చున్నావా?"

"మరేం చేయను?"

అమ్మ సూదులు తీసి నవ్వింది. ఈమధ్య ఆమె మహా హుషారుగా ఉంటోంది. కొలతలు తీసుకోవడానికని అప్పుడప్పుడూ బయటికి వెళ్తోంది. చాలా కాలం కిందట ఒకసారి, "నేనూ కారు నేర్చుకుంటే ఎలా ఉంటుందిరా?" అంటే అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత ఆమె ఆ మాటే ఎత్తలేదు.

ఇలా ఉండగా షోరూముకి ఒక కబురొచ్చింది. కొత్త మోడల్ తయారీకోసం ఫ్యాక్టరీలో ఇప్పటి మోడల్ ఆపేస్తున్నారట. ఆపేలోగా తయారుకాని ఆర్డర్లన్నీ కొత్త మోడల్లోకే పోతాయి.

అందరికీ అది శుభవార్త. టీచరమ్మాయికి కాదు. డ్రైవింగ్ స్కూలు కారులో పక్కసీటు ముందు కూడా ఒక బ్రేకు బిగించుకోవాలి. కొత్త మోడల్లో సరిగ్గా అక్కడే సామాన్లు పెట్టుకునే అర పెట్టారు. రెండో బ్రేకుకి చోటే లేదు.

ఆ రోజు జోరున వాన. ఆ కబురు విని ఆమె తడిసి ముద్దై వచ్చింది. ఎప్పుడూ ఉండే ఆ దూకుడు లేదు. అతని కుర్చీలో కాదు, కస్టమరు కుర్చీలోనే ఒదిగి కూర్చుంది. జడ చివరనుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా నేలమీద పడుతున్నాయి.

"తెలుపుకి మార్చేయండి," అంది మెల్లగా. "నాన్నతో మాట్లాడాను. 'సరేనమ్మా' అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు."

అతను కంప్యూటర్ మీద చెయ్యి వేశాడు. ఒక్క నొక్కు నొక్కితే తెలుపైపోతుంది. ఆమె ముఖం చూశాడు. చెయ్యి తీసేశాడు.

"వద్దండీ. ఇంక ఒకరో ఇద్దరో తక్కువ, అంతే. పసుపే వస్తుంది. నా మాట నమ్మండి."

"నిజంగానా?"

"నిజంగా."

ఆమె కళ్ళలో వెలుగొచ్చింది. వెళ్ళేటప్పుడు ఆమెకి తన గొడుగు ఇచ్చాడు. తను మాత్రం ఇంటికి తడుస్తూ, ఈలవేస్తూ వెళ్ళాడు.

ఆ మాట ఇవ్వడానికి తనెవరో అతనికి తర్వాత గుర్తొచ్చింది.

పాత మోడల్ ఆర్డర్లకి చివరి రోజు ఉదయం ఫ్యాక్టరీనుంచి ఫోనొచ్చింది. "పసుపు తొమ్మిది దగ్గర ఆగిపోయింది. సాయంత్రం అయిదులోగా ఇంకొక్కటి వస్తే రేపు వేస్తాం. లేకపోతే లేదు."

"పోనీ, తెలుపుకి మార్చనా?"

"తెలుపు నిన్ననే నిండిపోయింది బాబూ."

అతని గుండె జారి చెప్పుల్లో పడింది.

ఆ రోజు షోరూములో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరికీ పసుపు అంటగట్టాలని చూశాడు. ఒక డాక్టరుగారు, "నేను పేషెంట్లని చూడాలా, ట్యాక్సీ అనుకుని చెయ్యి ఎత్తేవాళ్ళని చూడాలా?" అన్నారు. ఒక పెద్దాయన, "మా వీధి పిల్లలు స్కూలు బస్సనుకుని ఎక్కి కూర్చుంటారు నాయనా," అన్నాడు. కొత్తగా పెళ్ళైన జంటలో అమ్మాయి సరే అంది. అబ్బాయి కాదన్నాడు. ఇద్దరూ పోట్లాడుకుని ఏ కారూ కొనకుండా వెళ్ళిపోయారు.

మూడు దాటింది. ఇక ఆమెకి చెప్పక తప్పదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. క్లాసులో ఉంటే ఆమె ఫోన్ ఎత్తదు. మేనేజరుకి చెప్పి బయటికి పరుగెత్తాడు.

ఆమె రోజూ కారు నేర్పే స్టేడియం వెనక వీధిలో దొరికింది పసుపు కారు. నత్తకి పెళ్ళినడకలు నేర్పుతున్నట్టు వస్తోంది. స్టీరింగ్ దగ్గర తలకి స్కార్ఫు, కళ్ళకి పెద్ద నల్లద్దాలతో ఒకావిడ బిగుసుకుని కూర్చుంది. అతను ఆవిడవైపు చూడనేలేదు. పక్కసీటు కిటికీ దగ్గరికి చేరి కారుతోబాటే నడవసాగాడు.

"ఏమండీ, ఒక్క మాట!"

"క్లాసులో ఉన్నాను, జరగండి. క్లచ్ మెల్లగా వదలండి పిన్నిగారూ..."

"మీ కారు సంగతండీ."

"వచ్చిందా?" ఆమె ముఖం కిటికీలోంచి బయటికొచ్చింది.

"లేదు. ఒక్కటి తక్కువైంది. అయిదులోగా ఇంకెవరైనా పసుపు అడిగితే సరే. లేకపోతే... కొత్త మోడలే."

"తెల్లది?"

"అదీ నిండిపోయింది."

ఆమె ముఖం లోపలికి తీసుకుంది. కారు మెల్లగా వెళ్తూనే ఉంది. అతను నడుస్తూనే ఉన్నాడు.

"ఆ రోజే మార్చమన్నాను కదండీ," అంది చివరికి. "ఇప్పుడు మా నాన్నకి ఏం చెప్పను? స్కూలుకి తాళం వేయమని చెప్పనా? ఎందుకు వద్దన్నారు? మీ సరదాకా?"

"తప్పు నాదే. ఆ రోజు మీరు తెలుపు అన్నప్పుడు మీ ముఖం చూడలేకపోయాను. చేతకాని మాట ఇచ్చేశాను." అతనికి ఆయాసం వస్తోంది. ఎలాగూ మునిగాను కదా అని మొత్తం చెప్పేశాడు. "ఇంకొకటి కూడా వినండి. ఆర్డరు నేను ఆపలేదు, ఒట్టు. కానీ మీ కారు రాలేదని చెప్పిన ప్రతిసారీ, మీరు మళ్ళీ వస్తారు కదా అని లోపల సంతోషంగా ఉండేది. మీరంటే నాకు ఇష్టమండీ. ఇప్పుడు చెప్పాల్సిన మాట కాదని తెలుసు."

కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

స్టీరింగ్ దగ్గరున్న ఆవిడ నల్లద్దాలు తీసింది. "ఇంట్లో పెగలని నోరు నడిరోడ్డు మీద ఎంత బాగా పెగిలిందిరా!"

"అమ్మా!"

"పిన్నిగారు... మీ అమ్మగారా?" టీచరమ్మాయి కళ్ళు గుండ్రంగా అయ్యాయి.

"నువ్వు... కారు..." అన్నాడతను.

"ఏం, నవ్వు. ఇప్పుడు నవ్వవేం? ఇన్నేళ్ళు కుట్టుమిషను తొక్కిన కాలికి క్లచ్ ఒక లెక్కా?" అంది అమ్మ. "మీ ఇద్దరితో నాకు పెద్ద చావొచ్చిపడింది. ఇక్కడ ఈ పిల్ల పాఠం మధ్యలో నిన్ను తిడుతుంది. ఇంటికొస్తే అన్నం చల్లారేదాకా నువ్వు ఈ పిల్ల గురించే చెబుతావు. నేను గేరు మీద మనసు పెట్టేది ఎప్పుడు?"

"మీకు మొదట్నించీ తెలుసా?" అంది ఆమె.

"రెండో క్లాసులోనే తెలిసింది. చెబితే మీరిద్దరూ నోరు మూసేస్తారు, నాకు వినోదం పోతుంది." అమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఎన్ని తక్కువన్నావురా?"

"ఒక్కటి."

"నాది రాయి."

"అమ్మా, కారంటే జాకెట్టు ముక్క కాదు!"

"తెలుసులేరా. కొనడానికి కాకపోతే దేనికి నేర్చుకుంటున్నాను, గోడకి తగిలించుకోవడానికా? దాచుకున్నది ఉంది. నిన్ను అడగను."

"పిన్నిగారూ, నా కోసమైతే వద్దండీ," అంది టీచరమ్మాయి. కళ్ళు తుడుచుకుంది.

"నీ కోసం కాదమ్మాయ్. నాకింకా క్లచ్ కుదిరి చావలేదు. తెల్లకారు కొనుక్కుని నడిరోడ్డు మీద ఆపేస్తే లారీవాడు తిట్టడూ? నువ్వే కదా చెప్పావు. ఇంకొకటి, ముందు నన్ను పిన్ని అనడం మానెయ్."

"అదేంటండీ?"

"నేను నీకు పిన్నినైతే వాడు నీకు ఏమవుతాడో వరస చూసుకో."

ఆమె ముఖం ఎర్రబడింది. అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక అతనిదీ ఎర్రబడింది.

"ఎక్కు, టైమవుతోంది," అంది అమ్మ.

"అమ్మా, నువ్వు దిగు, టీచరుగారు నడుపుతారు."

"క్లాసు ఇంకా అయిపోలేదు," అంది టీచరమ్మాయి. ఇప్పుడు ఆమె గొంతులో పాత దూకుడు తిరిగొచ్చింది. "వెనక సీటువాళ్ళు నోరెత్తకూడదు. అది మా స్కూలు రూలు. ఆవిడ తీసుకెళ్తారు, చూడండి."

అతను వెనక సీటులో ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాడు. దారిలో రెండుసార్లు కారు ఆగింది. ఒక సైకిలు వాళ్ళని దాటి వెళ్ళింది. మూడో మలుపు మాత్రం అమ్మ చీర అంచు తిప్పినంత నున్నగా తిప్పింది. అయిదు కొట్టేలోగా షోరూము ముందు దిగారు. అతను ఆర్డరు పంపించి ఫోను చేశాడు.

"పది," అంది ఫ్యాక్టరీ గొంతు. "రేపు పసుపు వేస్తున్నాం."

అమ్మ అక్కడే ఉన్న కొత్త కారు అద్దంలో చూసుకుని స్కార్ఫు సర్దుకుంది. టీచరమ్మాయి మాత్రం అతని వైపు ఒక్క చూపు చూసి, "నాన్నకి చెప్పాలి," అని పరుగెత్తింది. అతను రోడ్డు మీద అన్న మాటకి జవాబు చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె షోరూముకి రాలేదు. వచ్చే పనేముంది? పసుపు రంగు వేశారట, లారీ ఎక్కించారట అని ఫోనులో ఒక్కొక్క కబురూ చెబితే, "థాంక్సండీ" అని పెట్టేసేది. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని తలుపు వైపు చూడటమే అతని పనైంది. అమ్మని అడుగుదామంటే సిగ్గు.

కార్లు వచ్చిన రోజున సన్నగా వాన పడుతోంది. లారీ మీదనుంచి రెండు పసుపు కార్లూ ఒకదాని వెనక ఒకటి దిగాయి. టీచరమ్మాయి వాళ్ళ నాన్న చేతికర్ర పట్టుకుని వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, తలుపులు తీసి వేసి, చివరికి అతని ముందు ఆగాడు.

"ఆర్డర్లు రాసే అబ్బాయివి నువ్వేనా?"

"అవునండీ."

"మా ఇంట్లో పొద్దున్నే నిన్ను తిట్టే తిట్లతోనే తెల్లవారుతుంది. మా అమ్మాయి అన్నేసి తిట్లు ఊరికే ఎవరికీ ఖర్చుపెట్టదు." ఆయన నవ్వి, అమ్మ కారు వైపు నడిచాడు. "పదండమ్మా, మీ డ్రైవింగ్ చూస్తాను. పిల్లలు వెనక వస్తారు."

ముందు కారులో పెద్దవాళ్ళు. వెనక కారులో టీచరమ్మాయి స్టీరింగ్ దగ్గర, అతను పక్కన. అద్దం మీద వానచుక్కలు జారుతున్నాయి. కొత్త సీట్ల వాసన.

"ఆ రోజు నడుస్తూ ఒక మాట అన్నారు కదా," అంది రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా.

"అన్నాను."

"నేను క్లాసులో సొంత సంగతులు మాట్లాడను. అందుకని ఊరుకున్నాను. ఇప్పుడు క్లాసు లేదు." గొంతు సవరించుకుంది. పెదాలు కదిలాయి.

సరిగ్గా అప్పుడే నాలుగురోడ్ల మధ్యలో అమ్మ కారు ఆగిపోయింది. కంగారులో ఆవిడ చెయ్యి హారన్ మీద పడింది. ఊరంతా మోగిపోయింది.

"ఏమన్నారు? వినపడలేదు!" అని అరిచాడతను.

ఆమె కిటికీ అద్దం పైకెత్తింది. ఈసారి రోడ్డు వైపు కాదు, అతని వైపే తిరిగింది. "నాకూ నువ్వంటే ఇష్టమేనని చెప్పాను. సిగ్గుపడుతూ చెబితే రెండుసార్లు చెప్పించుకున్నావు. ఇక దిగు, వెళ్ళి మీ అమ్మని క్లచ్ తొక్కమను."

అతను వానలో పరుగెత్తాడు. అమ్మ అద్దం దించింది.

"ఏమందిరా?"

"క్లచ్ తొక్కమంది."

"అది కాదురా మొద్దబ్బాయీ..." అంటూ ఆమె అతని ముఖం చూసింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం కూడా మరచిపోయి నిలబడ్డాడు వాడు.

ఇక ఏమీ అడగలేదు. పక్కనున్న పెద్దాయనతో, "వియ్యంకుడుగారూ, గట్టిగా పట్టుకోండి," అని చెప్పి, క్లచ్ తొక్కి తాళం తిప్పింది.