ప్రయాణంలో ఉన్న ప్లాస్టిక్ కోడి

"డారో, నీకు చెత్త గురించి బాగా తెలుసట కదా?"

పోర్ట్‌లాండ్‌లో పళ్ల డాక్టరు బోర్డు వెనక నడిచే నిఘా ఆఫీసులో చీఫ్ ఆగ్నెస్ హాల్వర్సన్ అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఏ చెత్త, మేడమ్?"

"అదే, మీ జియోకాష్ డబ్బాల్లో పెట్టుకునే చెత్త."

ఏజెంట్ డారో కింసీ మనసు చివుక్కుమంది. ఆదివారాలన్నీ ఈ ఆటకే ధారపోసిన మనిషి. ఎవరో అడవిలో ఓ డబ్బా దాచి దాని జాడ ఇంటర్నెట్‌లో పెడతారు. జీపీఎస్ పట్టుకుని వెతకాలి. దొరికితే లోపలి వస్తువు ఒకటి తీసుకోవచ్చు, దానికి తీసిపోని ఇంకోటి పెట్టాలి. పెద్దవాళ్లు ఆడే ఆటేనా అని నవ్వేవాళ్లకు డారో జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాడు.

"కాల్మియా డ్యామ్ గేట్లు తెరిచే ఎలక్ట్రానిక్ తాళం చోరీ అయింది. గోరంత చిప్. ఒక విదేశీ ముఠా దగ్గరుంది. గేట్లు తెరవాల్సిన రాడ్కో అనేవాడికి అది అందాలి. ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఎదురుపడరు. చిప్‌ని ఓ బొమ్మలో దాచి డబ్బాలో వదిలేస్తారు."

"బాగానే ఉంది ప్లాను."

"ఏం బాగు? చిప్ లేని ఖాళీ దిక్సూచితో రిహార్సల్ వేశారు. ఇత్తడిది. ఎవరో స్కూలు టీచర్ ముచ్చటపడి పట్టుకెళ్లింది. బదులుగా ఊలు గుడ్లగూబని పెట్టింది. రాడ్కో ఆ గుడ్లగూబని కుట్టుకుట్టూ విప్పాడట, పాపం."

డారో నవ్వు ఆపుకున్నాడు.

"అందుకే ఎవరూ ముట్టుకోని వస్తువుని ఎంచిపెట్టే ఎక్స్‌పర్ట్ కోసం చూస్తున్నారు. ఆ ఎక్స్‌పర్ట్‌గా వెళ్లేది నువ్వు. చిప్ దొరికిందా, తీసుకుని వచ్చెయ్. ఆ గేట్లు లేచాయంటే దిగువన మూడు ఊళ్లు మిగలవు."

"అందులో ఒక ఊళ్లో మా చెల్లెలుంది, మేడమ్."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను."

శనివారం ఉదయం డారో గడ్డం అంటించుకుని, నకిలీ కళ్లద్దాలు పెట్టుకుని, తన పాత బొమ్మల అట్టపెట్టె చంకన పెట్టుకుని అడవిలోకి వెళ్లే ట్రెయిల్ మొదట్లోని పార్కింగ్‌కి చేరాడు. ఫిర్ చెట్ల నీడలో ఓ పాత మోటర్‌హోమ్, చక్రాల మీది ఇల్లు, ఆగి ఉంది. తలుపు తట్టాడు.

"చేపలు పడుతున్నాయా?" లోపలినుంచి ఆడగొంతు. ముందే అనుకున్న గుర్తుమాట.

"వల ఇంట్లో మరిచొచ్చాను."

తలుపు తెరుచుకుంది. అడుగు పెట్టగానే వెనక గడియ పడింది. బయటికి కనబడకుండా కిటికీలన్నిటికీ వెండిరంగు రేకు అతికించారు. ఎదురుగా ఆకుపచ్చ పట్టు స్కార్ఫ్, చేతిలో పిస్తోలు, పెదాల మీద నవ్వు.

వెలోరా ట్రెంట్! పక్క సెక్షన్‌లో పనిచేస్తున్న ఏజెంట్. పోయిన క్రిస్మస్ పార్టీలో తనతో రెండు పాటలకు డాన్స్ చేసిన మనిషి.

ఒక్క గుంజుతో గడ్డం ఊడబెరికింది. "గడ్డం నీకు నప్పదు, డారో. చొక్కా రెండో గుండీలో మైకుంది, అదీ ఇటివ్వు. ఫోను కూడా."

"ఎన్నాళ్ల నుంచి?"

"డాన్స్ కంటే ముందునుంచే. బాధపడకు, డాన్స్ మాత్రం నిజం."

బాధపడ్డాడు. దాచుకోవడం చేతకాలేదు.

"కాల్చేసెయ్ మరి."

"తొందరేంటి? నీ వేషం దొంగదే కానీ, నువ్వు నిజం ఎక్స్‌పర్టువి. ఎంచు. చిప్ రాడ్కోకి చేరితే నిన్ను వదిలేస్తా."

వదలదని ఇద్దరికీ తెలుసు. ఆమె అతని కుడిచేతిని టేబుల్ ఇనపకాలికి బేడీతో బిగించి, పెట్టెని ముందు బోర్లించింది. గోలీలు, గీరుకుపోయిన గోల్ఫ్ బంతి, రబ్బరు కప్ప, కీచెయిన్లు, మెడలో రేకు బిళ్ల వేలాడే చిన్న ప్లాస్టిక్ కోడి.

"గోల్ఫ్ బంతి," అన్నాడు డారో. అది పచ్చి నిజం. ఈ ఆటలో గోల్ఫ్ బంతిని ముట్టుకునేవాడు లేడు.

వెలోరా కళ్లు చికిలించింది. "అంత టక్కున చెప్పావేంటి? ఇందులో ఏదో ఉంది." కోడిని ఎత్తి బిళ్ల చదివింది. "'నన్ను మార్పిడికి తీసుకోకండి. నేను ప్రయాణంలో ఉన్నాను.' ఏంటిది?"

"ముద్దుకి రాసిన మాటలు. వదిలెయ్."

"మార్పిడికి తీసుకోకూడదని రూలా?"

"రూలే," అన్నాడు నీరసంగా. అదీ నిజమే.

"తీసుకోకూడదని మెడలో బోర్డు వేసుకున్న వస్తువు ఎదురుగా ఉంటే నాకు బంతిని అంటగడతావా? నీకంటే చిన్నపిల్లలు నయం."

చిప్‌ని కోడి పొట్టలోకి దూర్చి, కన్నానికి బంక పూసి, తలుపుకి తాళం వేసి, దాన్ని డబ్బాలో పెట్టడానికి వెళ్లిపోయింది.

డారో ఒంటరిగా మిగిలాడు. బేడీ లాగాడు, టేబుల్ కాలుని తన్నాడు, మణికట్టు దోక్కుపోవడం తప్ప ఒరిగింది లేదు. రేకు కిటికీల మధ్య ఊపిరాడటం లేదు. వెలోరాకి తెలియనిది ఒక్కటే. బిళ్ల వేసుకున్న బొమ్మని ఎవరూ సొంతం చేసుకోరు, బదులూ పెట్టరు. కానీ దాన్ని డబ్బాలో అలాగే వదిలేసి పోవడం ఈ ఆటగాళ్లకు మనసొప్పదు. చూసినవాళ్లు తీసుకెళ్లి ఇంకో డబ్బాకి చేర్చాలి. అదే ప్రయాణం. ఎవరు తీసుకున్నారో ఇంటర్నెట్‌లో దాని పేజీలో రాస్తే సొంతదారుకి కబురొస్తుంది. ఎవరైనా రావాలి, రాడ్కో కంటే ముందు రావాలి. రాకపోతే? చెల్లెలి ఇల్లు ఏటి ఒడ్డునే ఉంది. పిల్లల సైకిళ్లు వాకిట్లో పడి ఉంటాయి. డారోకి ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

వెలోరా తిరిగొచ్చి ఎదురుగా కూర్చుంది. చాలాసేపటికి వాకీటాకీ గరగరమంది.

"కోడి లేదు!" రాడ్కో గొంతు. "డబ్బా మొత్తం జేబుల్లో కుక్కుకున్నా. కోడి మాత్రం లేదు!"

వెలోరా వాకీటాకీ నోటిదాకా ఎత్తింది. సరిగ్గా అప్పుడే ఆమె దగ్గరున్న డారో ఫోను టింగుమంది. తెర మీద ఇలా ఉంది: 'మీ కోడి కదిలింది. తీసుకున్నవారు మిల్టన్, డోటీ ఫైఫర్. దీని పేజీలో మీరు రాసిన కోరిక చదివాం. వెళ్లిన ప్రతిచోటా యూనిఫారంలో ఉన్న మనిషితో ఫోటో దిగాలటగా! అదృష్టం బాగుంది, పార్కింగ్‌లోనే దొరికాడు.'

కింద ఫోటో. పోలీసు యూనిఫారంలో బిక్కమొహం వేసిన ఓ డిప్యూటీ షెరిఫ్, అతని అరచేతిలో కోడి. వెనకాల ఓ పాత మోటర్‌హోమ్.

"ఇది మన..." వెలోరా మాట పూర్తికాలేదు. పిస్తోలు డారో నుదుటికి తగిలింది.

తలుపు దబదబలాడింది. "లోపలెవరండీ? బండి మీద పార్కింగ్ పర్మిట్ లేదు. ఒకసారి బయటికి రండి!"

ఆమె చూపు తలుపు వైపు తిరిగిన ఆ క్షణంలోనే డారో రెండు కాళ్లూ ఎత్తి ఆమె చేతిని తన్నాడు. పిస్తోలు పైకప్పులోకి పేలింది. "గన్ ఉంది! తలుపు పగలగొట్టండి!" అని అరిచాడు. పాత బండి, పాత తలుపు. డిప్యూటీ భుజానికి ఒక్క దెబ్బకే ఊడొచ్చింది.

వెలోరా చేతులకు బేడీలు పడ్డాయి, డారో తన బేడీ తీయించుకుని బయట ఎండలోకి వచ్చాడు. ఇంకా అక్కడే ఉన్న ఫైఫర్ దంపతుల దగ్గర కోడిని అడిగి తీసుకుని, గుండుసూదితో దాని పొట్టలోంచి చిప్ తీసి డిప్యూటీ చేతిలో పెట్టాడు. తర్వాత చెల్లెలికి ఫోన్ చేశాడు.

"ఏంట్రా అన్నయ్యా, పట్టపగలే తాగావా?" అందామె.

"ఏం లేదే. నీ గొంతు విందామని."

"నిన్ననేగా విన్నావు. పెట్టేయ్, ఇక్కడ కూర మాడుతోంది."

మాడుతున్న కూర గురించి విని ఇంత ఆనందపడ్డ మనిషి ఆ రాష్ట్రంలో మరొకడు ఉండడు. రెండో ఫోన్ చీఫ్‌కి. కోడిని ఎవిడెన్స్‌గా సీజ్ చెయ్యమంది ఆవిడ.

"సీజా?" పక్కనే విన్న డోటీ ఫైఫర్ కోడిని లాక్కుని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. డెబ్బై దాటిన మనిషి. "అది ప్రయాణంలో ఉంది బాబూ. మీ మేడమ్‌కి అది కూడా తెలీదా? మిల్టన్, బండి తియ్."

అంతలో కబురందుకుని వచ్చిన మరో ఇద్దరు డిప్యూటీలు రాడ్కోని ట్రెయిల్ మీంచి నడిపించుకొచ్చారు. బేడీలు వేసిన చేతులు, ఉబ్బిపోయిన జేబులు. ఒక జేబులోంచి రబ్బరు పాము తోక వేలాడుతోంది. మూడు ఊళ్లు ముంచడానికి వచ్చిన మనిషిని డోటీ ఎగాదిగా చూసింది.

"డబ్బా ఖాళీ చేశావు సరే," అంది, "బదులేం పెట్టావు?"